వాగు ఒడ్డున సంతకాల బల్ల

సీదీ జల్లూల్ ఊళ్ళో ఉన్న జనం ఆరువేల చిల్లర. సీ వజ్దీ, అంటే వజ్దీ గారు, ఫోన్లో నడిపే పేజీని ఫాలో అయ్యేవాళ్ళు తొమ్మిదివేల ఆరువందలు. ఆ పైవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారని ఎన్నికలప్పుడు ఎవరూ అడగలేదు. ఖమైస్ అసలే అడగలేదు. బలదియా అనే మునిసిపాలిటీ ఆఫీసులో కిటికీ వెనక కూర్చుని ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఆయన జనాన్ని అడుగుతున్నది ఒకటే మాట, "కార్డు?" అని. అది దాటి ఆయన నోట్లోంచి ఇంకో మాట వచ్చిందంటే ఆ రోజు కాఫీ అంగట్లో అదే కబురు.

ఆయనది సంతకాల కిటికీ. మోటారుసైకిలు అమ్మినా, పొలం కౌలుకిచ్చినా, కొడుకుని దూరపు బడిలో చేర్చినా ఆ కాగితం మీది సంతకం తమదేనని జనం ముందు ఆయన దగ్గర ఒప్పుకోవాలి. గుర్తింపు కార్డు చూపించి, పెద్ద రిజిస్టరులో ఇంకోసారి సంతకం చెయ్యాలి. అప్పుడు ఖమైస్ ముద్ర కొడతాడు. ఊళ్ళో ప్రతివాడి సంతకమూ ఆయనకు కంఠతా వచ్చు. ఎవడు కోపంగా పెట్టాడో, ఎవడు పెళ్ళాం పోరు పడలేక పెట్టాడో అక్షరం వంపు చూసి చెప్పగలడు. చెప్పడు, అంతే.

ఆయన ఇల్లు గన్నేరు వాగుకు అవతల. అక్కడ పాతిక గడపలున్నాయి. ఊరూ, రోడ్డూ, ఆఫీసూ ఇవతల. వాగు ఏడాదిలో పది నెలలు ఎండిపోయి రాళ్ళు తేలి ఉంటుంది. అక్టోబరు వచ్చాక కొండల్లో వాన పడితే మాత్రం ఒక పూటలో నడుము లోతు పొంగుతుంది. కిందటేడు అలా పొంగి, అడ్డంగా ఉన్న సిమెంటు కాలిబాటను ముక్కలు చేసి పట్టుకుపోయింది.

ఖమైస్ భార్య సాల్హాకు రెండు కిడ్నీలూ పని చెయ్యవు. సోమ, బుధ, శుక్రవారాలు పెద్దాసుపత్రి వ్యాను వచ్చి ఇవతలి రోడ్డు మీద ఆగుతుంది. ముందు ఊళ్ళల్లో ఇంకా మనుషులు కాచుకుని ఉంటారు గనక ఐదు నిమిషాలే ఆగుతుంది. కిందటేడు వాగు రెండుసార్లు అడ్డం పడింది. వ్యాను ఒక ఒడ్డున, సాల్హా ఒక ఒడ్డున. రెండోసారి ఆమె ముఖమంతా ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక, మూడు రోజులు గోడకు చేరగిలబడి కూర్చుంది. ఇంకోసారి ఇలా జరిగితే మా చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరమ్మ చెప్పింది. ఖమైస్ విన్నాడు. ఇంటికొచ్చి వాగు గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు.

అందుకే ఆయన వజ్దీకి ఓటేశాడు. వజ్దీ ఫోన్లు బాగుచేసే కుర్రాడు, ముప్పయ్యారేళ్ళవాడు, ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడతాడు. "గెలిస్తే మొదటి పని గన్నేరు వాగు మీద దారి" అని పేజీలో రాశాడు. ఆసుపత్రి కుర్చీలో నాలుగేసి గంటలు ఫోను చూస్తూ కూర్చునే సాల్హా దానికి అందరికంటే ముందు లైకు కొట్టింది.

వజ్దీ గెలిచాడు, మేయరయ్యాడు. మొదటి సమావేశంలో పద్దెనిమిది మంది సభ్యులు కొత్త చొక్కాలు వేసుకుని కూర్చున్నారు. వజ్దీ లేచాడు.

"మనం ఎవరం? ఎవరమూ కాదు," అన్నాడు. సభ్యుల ముఖాలు చిన్నబోయాయి. "మనల్ని ఇక్కడ కూర్చోబెట్టింది పేజీ. ఎన్నికలైపోయాక లైకు కొట్టినవాళ్ళని మర్చిపోవడం పాత రాజకీయం. ఈరోజునుంచీ పేజీలో ఉన్న ప్రతి మనిషీ పాలకుడే. వాళ్ళు నిర్ణయిస్తారు, మనం చేస్తాం."

అక్కడే నిలబడి ఫోన్లో ప్రశ్న పెట్టాడు, గన్నేరు వాగు మీద దారి వెయ్యాలా వద్దా అని. మర్నాటికి మూడువేల ఎనిమిదివందల లైకులొచ్చాయి, తొమ్మిదివందల గుండె బొమ్మలు, రెండువందల పన్నెండు నవ్వు బొమ్మలు, ఒక ఏడుపు బొమ్మ. కింద మాటలకు లెక్కే లేదు. కొందరు శుభ శుక్రవారం అన్నారు. ఒకాయన ఫ్రిజ్ అమ్మకానికుందని రాశాడు.

వజ్దీ ఆ కాగితం అచ్చు తీయించి కార్యదర్శి మదామ్ రఫీకా బల్ల మీద పెట్టాడు. ఆమె నలుగురు మేయర్లను చూసింది, నలుగురినీ సాగనంపింది.

"ఇదేమిటి?" అంది.

"ప్రజల నిర్ణయం. గవర్నరు ఆఫీసుకి పంపించండి మదామ్."

"నిర్ణయం కింద సభ్యుల సంతకాలుండాలి."

"సభ్యులు మేం కాదు, వాళ్ళు. మొన్న చెప్పానుగా."

"మంచిది. వాళ్ళ సంతకాలే తెప్పించండి. సగం మంది మీద ఒకరు, అంటే నాలుగువేల ఎనిమిదివందల ఒకటి."

"లైకు కొట్టారు కదా!"

"కొట్టింది వాళ్ళేనని ఎవరు ధ్రువీకరించారు?"

గదిలో అందరూ ఒకేసారి ఖమైస్ వైపు తిరిగారు. ఆయన అప్పుడే కాఫీ గ్లాసు పుచ్చుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. తాగకుండానే వెళ్ళి కిటికీ తెరిచాడు.

మదామ్ రఫీకా స్వయంగా నమూనా రాసిచ్చింది. 'నేను, ఫలానా, ఫలానావారి బిడ్డను, ఫలానా నంబరు కార్డు కలిగి, ఫలానా తేదీన గన్నేరు వాగు దారికి లైకు కొట్టినది నేనేననీ, తెలివిలో ఉండి ఎవరి బలవంతమూ లేకుండా కొట్టితిననీ ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను.'

మొదటిరోజే చిక్కొచ్చి పడింది. టైర్లకు గాలి కొట్టే మనిషి వచ్చి కార్డు ఇచ్చాడు. ఖమైస్ జాబితా చూశాడు.

"నవ్వు బొమ్మ," అన్నాడు.

"అవును బాబాయ్."

"సరేనన్నట్టా, వద్దన్నట్టా?"

"ఏమో బాబాయ్. ఆరోజు నవ్వొచ్చింది."

ఖమైస్ వెళ్ళి మదామ్‌ని అడిగాడు. ఆమె ఆలోచించి రిజిస్టరులో కొత్త గడి గీయించింది, 'నవ్వుటకు కారణము' అని. టైర్లవాడి పేరుకెదురుగా ఖమైస్ 'తెలియదు' అని రాసి ముద్ర కొట్టాడు. టైర్లవాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పాలకుడిలాగా ఛాతీ విరుచుకుని వెళ్ళిపోయాడు.

ఫ్రిజ్ ఆయన పక్క ఊరినుంచి వచ్చాడు.

"నాకూ ప్రభుత్వంలో భాగముందా?"

"ఉంది."

"ఫ్రిజ్ ఇంకా అమ్ముడుపోలేదు, మీకేమైనా..."

అభిప్రాయం గడిలో ఖమైస్ 'ఫ్రిజ్' అని రాశాడు. ఒకాయనకు రెండు ఖాతాలున్నాయి. ఒకదాంతో దారి కావాలన్నాడు, రెండోదాంతో వాణ్ణి తిట్టాడు. ఇద్దరి తరఫునా సంతకం పెట్టి వెళ్ళాడు, రెండో సంతకం కొంచెం కోపంగా.

నాలుగోరోజున రొట్టెల కొట్టువాళ్ళ ముసలమ్మ తుర్కియా కర్ర పొడుచుకుంటూ వచ్చింది. డెబ్బై మూడేళ్ళు. చదువు అంతంతమాత్రం, మనవరాలి చేత రాయిస్తుంది.

"రాసుకోరా ఖమైస్," అంది.

"పేజీలో ఏ పేరు అత్తా?"

"ఎడారి డేగ."

ఖమైస్ కలం ఆగింది. ఎడారి డేగ ఎవరని ఊరు ఊరంతా ఏడాదిగా కొట్టుకుంటోంది. పాత మేయరుని చవుడు తేలిన బావి అన్నది డేగే. గవర్నరుని ఎండలో మర్చిపోయిన పెరుగు అన్నదీ డేగే.

"అదేం చూపురా? డేగలకు మోకాళ్ళ నొప్పులుండవా?"

"కార్డు?"

"కార్డు ఎక్కడ పెట్టానో నాకే తెలీదు. నన్ను నువ్వెరగవూ? నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకి చారు కాచిచ్చింది నేను కాదూ?"

"కార్డు కావాలి అత్తా."

"ఏడ్చినట్టే ఉంది నీ ఉద్యోగం. వెతుక్కుని వస్తాలే," అని డేగ వెళ్ళిపోయింది.

ఎంత వేగంగా రాసినా రోజుకు అరవై మంది. ఖమైస్ సిరా అద్దే కాగితం మీద ఒక మూల లెక్క వేసుకున్నాడు. నాలుగువేల ఎనిమిదివందల ఒకటికి ఎనభై పనిదినాలు. అప్పటికి డిసెంబరు వెళ్ళిపోతుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి సాల్హా వాకిట్లో కూర్చుని, హరీసా కారానికి ఎండబెట్టాల్సిన మిరపకాయలు దారానికి గుచ్చుతోంది. పక్కన సగం గ్లాసు నీళ్ళున్నాయి. పొద్దుటినుంచీ అవే నీళ్ళు, అంతకు మించి తాగకూడదు.

"ఇవాళ ఎంతమందయ్యారు?"

"అరవై రెండు."

"అయితే నా లైకు ఇంకా లైన్లోనే నిలబడి ఉందన్నమాట."

"వచ్చి సంతకం పెట్టు."

"సోమ, బుధ, శుక్ర సూదుల కింద ఉంటాను. మంగళ, గురు మంచమ్మీద ఉంటాను. పాలకురాలు కావాలంటే కిడ్నీలుండాలని ఆ పేజీలో ఎక్కడా రాయలేదేమయ్యా?" అని దారం పళ్ళతో తెంపింది. "ఇంతకీ దారి ఎప్పటికి?"

"డిసెంబరు దాటుతుంది."

"వాగుకి చెప్పావా మరి? కాస్త ఆగమని?"

ఖమైస్ చొక్కా చేతులు మడిచాడు. చీకటి పడకముందే వాగులోకి దిగి రాళ్ళు మొయ్యడం మొదలుపెట్టాడు. అది ఆయనకు కొత్త కాదు, జూన్‌నుంచీ చేస్తున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ నడుము వారానికి రెండు రాళ్ళకు ఒప్పుకుని మూడోదానికి పట్టేస్తుంది. అటు ఒడ్డున ఇంతవరకు ఒక వరస, అందులో పంతొమ్మిది రాళ్ళు. వాగు వెడల్పు నలభై అడుగులు.

ఇదిలా ఉండగా, సంతకం చేసినవాళ్ళ పేర్లు రోజూ పేజీలో పడుతున్నాయి. పేరు చూసుకున్నవాడు పక్కింటివాణ్ణి ఎద్దేవా చేస్తున్నాడు, "నేను ప్రభుత్వం, నువ్వింకా జనం," అని. దాంతో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా దిగారు. సెప్టెంబరు రెండోవారానికి వరస ఆఫీసు గేటు దాటి, కాఫీ అంగడి దాటి, మసీదు దాటి, నూనె గానుగ పక్కనుంచి దిగి వాగు గట్టు దాకా పోయింది. పుట్టిన బిడ్డ పేరు నమోదుకు వచ్చినవాళ్ళు లోపలికి రాలేక గేటు బయటే బిడ్డకు పేరు మార్చుకుంటున్నారు.

మదామ్ రఫీకా మండిపడింది. "సీ ఖమైస్! ఈ తోక ఎక్కడిదాకా ఉంది?"

"వాగు దాకా."

"నాకు గేటు ఖాళీ కావాలి."

 ఖమైస్ తన ఉద్యోగంలో మొదటిసారిగా, ఎవరూ అడగకుండా ఒక సలహా ఇచ్చాడు.

"బల్ల తోక దగ్గర వేసుకుంటాను, మదామ్."

మర్నాడు పొద్దున బల్ల, కుర్చీ, రిజిస్టరు, ముద్ర వాగు గట్టుకు దిగాయి. తల తోకయింది, తోక తలయింది. గేటు దగ్గర తెల్లవారకముందే వచ్చి మొదట నిలబడ్డవాళ్ళు లబోదిబోమన్నారు. వజ్దీ మాత్రం పొంగిపోయి, "ఆఫీసే ప్రజల దగ్గరికి నడిచొచ్చింది!" అని వీడియో తీసి పెట్టాడు.

పది గంటలకల్లా పడమటి గాలి లేచింది. వాగు పొడుగునా అడ్డూ ఆపూ లేని గాలి. కాగితాలు గన్నేరు కొమ్మల్లో చిక్కుకున్నాయి. బల్ల ముందున్న మంగలితో ఖమైస్ అన్నాడు, "ఒక రాయి."

మంగలి వంగి పిడికెడు రాయి తీసిచ్చాడు. ఖమైస్ దాన్ని కాగితాల మీద పెట్టాడు, ముద్ర కొట్టాడు. మంగలి వెనక ఉన్నవాడు అంతా చూశాడు. తన వంతు రాగానే కార్డు, కార్డు కాపీ, వాటి పక్కన ఒక రాయి బల్ల మీద పెట్టాడు. వాడి వెనకవాడి చేతిలోనూ రాయుంది. ఆ వెనకవాడు వరసలో తన చోటు పోకుండా చూడమని చెప్పి రాయి కోసం పరిగెత్తాడు.

అక్కర్లేదని చెప్పడానికి ఖమైస్ నోరు తెరిచాడు. బల్ల ముందున్నవాడి భుజం మీదుగా వాగు కనిపించింది. నోరు మూసుకున్నాడు. రాయిని చేత్తో ఎత్తి బరువు చూసి వెనక్కిచ్చాడు.

"పెద్దది," అన్నాడు.

"ఎంతది బాబాయ్?"

"గొర్రె తలకాయంత."

వాడు తెచ్చాడు. బల్ల మీద పట్టదు గనక ఖమైస్ కలంతో వాగువైపు చూపించి "అక్కడ" అన్నాడు. వాడు అక్కడ పెట్టొచ్చాడు. ఎందుకని అడగలేదు. ఆఫీసు ఏదైనా కావాలంటే ఎందుకని ఆ ఊళ్ళో ఎవరూ అడగరు. అడిగితే ఇంకోటి కూడా కావాలంటారని భయం.

సాయంత్రానికి సంగతి పేజీకెక్కింది. 'సంతకానికి వెళ్ళేవారు తీసుకెళ్ళవలసినవి: కార్డు, కార్డు కాపీ, రాయి ఒకటి, గొర్రె తలకాయంత.' కింద ఒకటే ప్రశ్నలు. ఏ వయసు గొర్రె? రాయికి కాపీ కావాలా? పోయినవాళ్ళ తరఫున చిన్న రాయి పెట్టవచ్చా? అంతకుముందే సంతకం పెట్టి వెళ్ళినవాళ్ళు తమ కాగితం చెల్లదేమోనని తలా ఒక రాయి పట్టుకుని మళ్ళీ వచ్చారు. గట్టు మీద ఒకడు గాడిద బండిలో రాళ్ళు పోసుకుని, 'ఆఫీసు సైజువి' అని అమ్మడం మొదలుపెట్టాడు. మార్సెయిల్లో ఉండే ఒకాయన తన రాయికి అక్కడి కాన్సులేటులో ముద్ర వేయించి, సెలవుకు వస్తున్న బావమరిది సంచిలో పంపించాడు.

ఖమైస్ రాయడం, ముద్ర కొట్టడం, కలంతో చూపించడం. "అక్కడ." "దాని పక్కన." "బోర్లా." మాట తక్కువైనా చూపు తప్పేది కాదు. వ్యాను ఆగే చోటికీ తన వాకిలికీ మధ్య కంటితో ఒక గీత గీసుకున్నాడు, దాన్ని వదిలి ఒక్క రాయినీ పక్కకు పోనివ్వలేదు.

అంతలో మదామ్ రఫీకా తనిఖీకి వచ్చింది. గట్టు మీద నిలబడి వాగు వంక చూసి, "సీ ఖమైస్, ఏమిటివి?" అంది.

జనం బిగుసుకుపోయారు. ఖమైస్ కలం కింద పెట్టాడు.

"జతపరచినవి, మదామ్."

ఆమె కళ్ళద్దాలు సర్దుకుంది. జతపరచినవి అంటే ఆమెకు గౌరవం.

"రిజిస్టరులో ఎక్కించారా?"

"ఎక్కించాను."

పేజీలు తిప్పింది. ప్రతి పేరుకెదురుగా 'జతపరచినది: రాయి ఒకటి' అని గుండ్రటి అక్షరాలతో ఉంది. ఎక్కడా కొట్టివేత లేదు.

"మరి నంబర్లేవి? జతపరచిన ప్రతిదానికీ నంబరుండాలని మీకు నేను చెప్పాలా?"

ఆ మధ్యాహ్నమే ఆఫీసునుంచి తెల్లరంగు డబ్బా, కుంచె వచ్చాయి. అప్పటినుంచి ప్రతి రాయికీ ఒక నంబరు పడింది. వెనకటి రాళ్ళకు కూడా రిజిస్టరు చూసి వేయించాడు.

తుర్కియా మళ్ళీ వచ్చింది, ఈసారి రొట్టెల కొట్టు మూడుచక్రాల బండి మీద. ఆమె పక్కన పాత గానుగ రాయి సగం చెక్క ఉంది. దింపడానికి నలుగురు పట్టాల్సొచ్చింది.

"కార్డు దొరికింది. ఇదిగో రాయి," అంది. వరసగా పోతున్న తెల్ల నంబర్లను ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా చూసింది. ఆ చివరన ఖమైస్ ఇంటి తలుపు కనిపిస్తోంది. "ఒరేయ్, కాగితాలు ఎగిరిపోకుండా ఇన్ని రాళ్ళట్రా?"

"గాలి ఎక్కువ అత్తా."

"అవునవును. మా బాగా వీస్తోంది." ఆమె గొంతు తగ్గించింది. "సాల్హాకి ఎలా ఉందిరా?"

ఖమైస్ ముద్ర కొట్టాడు. ఆ ముద్ర కొంచెం వంకరగా పడింది.

"నా రాయి మధ్యలో వేయించు, నీళ్ళు జోరుగా ఉండేచోట," అంది డేగ.

సెప్టెంబరు చివర్లో వజ్దీ కూడా తన సంతకానికి వచ్చాడు. మేయరు కదా అని రాయి పెద్దది కాకుండా గుండ్రటిది, అందమైనది ఏరి తెచ్చాడు. తర్వాత ఫోను పట్టుకుని రాళ్ళ మీదుగా వాగు మధ్యదాకా నడిచి, అక్కడ నిలబడి మాట్లాడాడు.

"మిత్రులారా! గన్నేరు వాగు మీద దారికి సంబంధించిన ప్రక్రియ జోరుగా సాగుతోంది. ఇదిగో, నేను ఇప్పుడు వాగు మధ్యలోనే ఉన్నాను. చూడండి, ఇక్కడ దారి లేక అవతలివాళ్ళు ఎన్ని ఇబ్బందులు పడుతున్నారో!"

వరసలో ఒకరిద్దరు ముఖముఖాలు చూసుకున్నారు. అవతలి ఒడ్డునుంచి ఒకామె గంపతో అతని పక్కనుంచే దాటుకుని బజారుకు వెళ్ళింది. వీడియోలో అదీ పడింది. నాలుగువందల నవ్వు బొమ్మలొచ్చాయి. వాటికి కారణాలు రాసుకోవడానికి ఖమైస్‌కు వారం పట్టింది.

అక్టోబరు పదోతేదీ, బుధవారం. తెల్లవారేసరికి కొండలు కనిపించడం లేదు, ఆ వైపంతా నల్లగా ఉంది. ఆరింటికి వాగు చప్పుడు వినిపించింది. ఖమైస్ బయటికొచ్చి చూశాడు. ఎర్రమన్ను కలిసిన నీళ్ళు మోకాలి లోతున, కొమ్మల్నీ చెత్తనీ తోసుకుంటూ పోతున్నాయి. రాళ్ళ వరస అప్పటికి పంతొమ్మిదివందల నలభై దాకా వచ్చింది. నీళ్ళు వచ్చి వరసకు కొట్టుకుని, ఆగి, సందుల్లోంచి ఈలలేసుకుంటూ దూరిపోతున్నాయి. కింది అంచున కొన్ని రాళ్ళు దొర్లాయి. పైవరస నిలబడింది. తెల్ల నంబర్లు తడిసి మెరుస్తున్నాయి.

అవతల వ్యాను వచ్చి ఆగింది. హారన్ కొట్టింది.

"పద," అన్నాడు ఖమైస్.

సాల్హా దుప్పటి భుజాల మీద కప్పుకుని ఆయన మోచెయ్యి పట్టుకుంది. మొదటి రాయి మీద కాలు పెట్టి నీళ్ళు చూసి ఆగిపోయింది. 

"నీళ్ళు చూడకు. నంబరు చూడు," అన్నాడు.

"ఎనిమిదివందల పన్నెండు," అని చదివింది. "ఎవరు?"

"టైర్లవాడు."

"నవ్విన కారణం తెలియనివాడా?" ఇంకో అడుగు వేసింది. "ఎనిమిదివందల నలభై."

"ఫ్రిజ్."

"అమ్ముడుపోయిందా పాపం?"

"లేదు."

"పదకొండువందల మూడు? ఇది కోపంగా ఉంది చూడు, ముక్కు పైకెత్తుకుని."

"రెండు ఖాతాలవాడు. రెండోది."

అలా ఊరంతటి మీదా అడుగులేసుకుంటూ నడిచింది. ముప్పయ్యొక్క ఏళ్ళ రిజిస్టరులో ఉన్నవాళ్ళందరి పేర్లూ ఖమైస్ ఒక్కొక్కటే చెబుతున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆమెతో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడింది అదే. నడిమధ్యన నీళ్ళు బుసకొడుతున్నచోట గానుగ రాయి కదలకుండా కూర్చుని ఉంది. దాని మీద నిలబడి ఆమె కాస్త ఊపిరి తీసుకుంది. ఎవరిదని అడగలేదు. దాటాక ఒక గుండ్రటి రాయి కాలికింద గడగడ ఆడింది. ఆమె ఒరిగింది, ఖమైస్ నడుం పట్టుకుని ఆపాడు.

"ఇదెవడిదయ్యా?"

"మేయరుది."

వ్యాను డ్రైవరు తలుపు తీసి చేయందించాడు. "ఐదు నిమిషాలు దాటింది పిన్నీ," అన్నాడు. "ప్రభుత్వం మీదుగా వచ్చాను నాయనా, ఆలస్యం కాదూ!" అంది సాల్హా. తలుపు పడింది. వ్యాను వెళ్ళిపోయింది. ఖమైస్ అక్కడే నిలబడి, మలుపు తిరిగేదాకా దాన్ని చూసి, తర్వాత బల్ల సర్దుకోవడానికి వెళ్ళాడు.

చలికాలమంతా వాన లేని రోజుల్లో బల్ల గట్టు మీదికి వస్తూనే ఉంది. మార్చి నాటికి రాళ్ళ వరస గాడిద బండి పట్టేంత వెడల్పయింది. సాల్హాకు ఒక్క పూట కూడా ఆసుపత్రి తప్పలేదు. రిజిస్టరులో సంతకాలు నాలుగువేల ఎనిమిదివందలకు చేరాయి. ఇంకొక్కటి కావాలి. మిగిలినవాళ్ళలో కొందరు చచ్చిపోయారు, కొందరు దేశాలు పట్టిపోయారు, కొందరసలు మనుషులే కాదు.

ఒకరోజు మదామ్ రఫీకా రిజిస్టరు తిరగేస్తూ, మామూలుగా అన్నట్టు అంది, "ఇంకొక్క సంతకంతో ఫైలు ముగుస్తుంది సీ ఖమైస్. గవర్నరు ఆఫీసుకి వెళ్తుంది. అక్కణ్ణుంచి ఇంజనీరు, టెండరు. పాతవి నాలుగేళ్ళు పట్టాయి, ఇదీ అంతే."

"ఇవి?" అన్నాడు ఖమైస్, వాగువైపు చూపిస్తూ.

"జతపరచినవా? ఫైలు ముగిసిన పదిరోజుల్లో సొంతదారులకు వెనక్కిచ్చెయ్యాలి, నంబరు ప్రకారం. నియమం."

"ముగియకపోతే?"

"ముగియని ఫైలులో జతపరచినదాన్ని ముట్టుకునే అధికారం గవర్నరుకి కూడా లేదు," అంది మదామ్. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఆయన్ను ఒక క్షణం మామూలుకన్నా ఎక్కువగా చూసింది. తర్వాత తన పని తాను చూసుకుంది.

ఆ ఆదివారం వజ్దీ రిజిస్టరు చంకన పెట్టుకుని, ఫోను ముందుకు చాపుకుని రాళ్ళు దాటి ఖమైస్ వాకిట్లోకి వచ్చాడు.

"సాల్హా అత్తా! మొట్టమొదట లైకు కొట్టింది మీరే. సంతకం పెట్టగలవాళ్ళలో మిగిలింది మీరొక్కరే, ఆఖరి సంతకం కూడా మీదే. మీరు ఒక్క గీత గీస్తే గన్నేరు వాగుకి దారొస్తుంది!"

సాల్హా మంచమ్మీదనుంచి ఖమైస్ వంక చూసింది. ఖమైస్ మిరపకాయల దండ వంక చూస్తున్నాడు.

"ఈరోజు ఓపిక లేదు నాయనా."

"రేపు?"

"రేపు వ్యాను."

"పోనీ ఎల్లుండి?"

"ఎల్లుండి ఆలోచిస్తాను. పరిపాలన కదా, తొందరపడి ఏదో ఒకటి గీకెయ్యకూడదు. టీ తాగి వెళ్ళు."

వజ్దీ బాదంపలుకులేసిన టీ తాగాడు. ముఖం వేలాడేసుకుని లేచాడు. "మీకోసమే కదత్తా ఇంత కష్టపడుతున్నాను," అన్నాడు.

"తెలుసు నాయనా. చూసి దాటు, నీ రాయి కదులుతుంది."

అతను నవ్వాడు, ఏదో పెద్ద మాట అనుకుని.

మర్నాడు పొద్దున, వ్యాను రాకముందే ఖమైస్ వాగులోకి దిగాడు. గుండ్రటి రాయిని అటూ ఇటూ ఆడించి చూసి, దాని కింద చేత్తో ఒక చిన్న పలుగురాయి దోపి, కాలితో తొక్కి చూశాడు. కదల్లేదు. ఆ పలుగురాయికి నంబరు వెయ్యలేదు.